పడవకూ ఒక గూడు కావాలి

హ్యూస్టన్ ఎండ మన విజయవాడ ఎండంత మండదు గాని, ఉక్కలో దానికేమీ తీసిపోదు. ఆ సంగతి తెలిసి కూడా కిందటి జులైలో మేము మా 17 అడుగుల పడవలో నాన్నగారిని ఎక్కించుకుని గాల్వెస్టన్ బే మీదికి బయలుదేరాము. పడవకు నీడ లేదు. రెండు గంటలు తిరిగేసరికి ఆయన ముఖం పాలిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయన్నారు. రక్తపోటుకు ఆయన వేసుకునే నీళ్ళ బిళ్ళ ఒంట్లో నీటినీ, ఉప్పునూ తగ్గిస్తుంది. రోగులకు రోజూ చెప్పే ఈ ముక్క డాక్టర్లమైన మాకే గుర్తు రాలేదు! తడి తువాలు కప్పి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించి ఒడ్డుకు చేర్చాము. మాట తడబడినా, మగత కమ్మినా అది వడదెబ్బే. అప్పుడు ఒళ్ళు తడుపుతూ వెంటనే 911కు ఫోన్ చేయాలి.

సాయంత్రం తేరుకున్నాక నాన్నగారు, "మన గోదావరిలో సరుకు పడవక్కూడా తాటాకు గూడు ఉండేదిరా. ఇన్ని డాలర్లు పోసి గూడు లేనిది కొన్నావేం?" అన్నారు.

ఆ వారమే బిమినీ టాప్ కొన్నాము. అంటే గొట్టాల చట్రం మీద సాగదీసి కట్టే గుడ్డ పందిరి. కొనేముందు మూడు కొలతలు తీసుకోవాలి: చట్రం బిగించే చోట పడవ ఈ అంచు నుంచి ఆ అంచుకు వెడల్పు, నీడ కావలసినంత పొడవు, బిగించే చోటు నుంచి పైకి ఎత్తు. మేము ఎత్తు చూసుకోక మొదట పొట్టిది తెచ్చి, తలలు బొప్పి కట్టించుకుని మార్చుకున్నాము. నూలు కాన్వాసుకు తేమలో బూజు పడుతుంది. రంగు దారంలోనే కలిసి ఉండే ఆక్రిలిక్ గుడ్డ మేలు. ఉప్పు నీటికి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు మన్నుతాయి.

6 అడుగుల పందిరైతే, నీడ మొదలు కావలసిన చోటుకు 3 అడుగులు వెనుక ప్రధాన గొట్టాన్ని బిగించాలి. పలుచని ఫైబర్‌గ్లాస్‌లో ఉత్త స్క్రూలు ఊడి వస్తాయి. బోల్టు వేసి, లోపలి వైపు వెడల్పాటి వాషరు, నట్టు పెట్టాలి. రంధ్రానికి సీలెంటు పూయడం మరవకండి. గాలివాన వచ్చేటట్లున్నా, ట్రెయిలరు మీద రోడ్డెక్కినా పందిరి మడిచి కట్టేయాలి.

పందిరి ఉన్నా ఏటవాలు ఎండ తగులుతూనే ఉంటుంది. టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళ సీసాలు తప్పవు.

ఈ వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తున్నారా? ముందు గూడు వేయించండి. డ్రిల్లు మా దగ్గర ఉంది, మేమూ వస్తాము. కాఫీ మాత్రం మీది!