200 మందికి 28 మంది ఎదురు

రాజుకూ పార్లమెంటుకూ యుద్ధమంటే ఇంగ్లండే గుర్తొస్తుంది. 1645 జూన్ 14న నేస్‌బీ దగ్గర పార్లమెంటు వైపు ఫెయిర్‌ఫాక్స్, క్రామ్‌వెల్ సేనలు ఒకటో చార్లెస్‌ను చిత్తు చేశాయి. 1649లో రాజు తల తెగింది. హైదరాబాద్ నిజాం మీద తిరగబడిన తెలంగాణ జనానికి పార్లమెంటు లేదు. ఊళ్లో ఆంధ్ర మహాసభ సంఘం ఉండేది, చేతిలో గుతప (దుడ్డుకర్ర) ఉండేది.

తొర్రూరు నుంచి జనగామ దిక్కు పోతే ఆ పోరు రాజుకున్న ఊళ్లు వరసగా తగులుతాయి: పాలకుర్తి, విసునూరు, కడవెండి. విసునూరు దొర రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాలుండేవని చెబుతారు. ఆయన కన్ను పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద పడింది. కోసుకురమ్మని 100 మంది గూండాలను, 100 మంది జీతగాళ్లను పంపాడని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. సంఘం తరఫున నిలబడింది 28 మంది. గూండాలు కాలికి బుద్ధి చెప్పారు, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరాయి. ఇందులో వింతేమీ లేదు. జీతానికి వచ్చినవాడు దొర గింజల కోసం తల పగలగొట్టుకోడు.

1946 జులై 4న కడవెండిలో మాత్రం కర్రలకు తుపాకులు ఎదురయ్యాయి. ఊరేగింపు మీద దొర మనుషులు కాల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణం విడిచాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరుకు పిలుపిచ్చారు.

సుందరయ్య లెక్కలో ఆ పోరు 3,000 గ్రామాలకు పాకింది. గ్రామ దళాల్లో 10,000 మంది, గెరిల్లా దళాల్లో 2,000 మంది. అంటే ఊరికి నలుగురు! భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి దళనాయకులు ఎదురుబొదురు యుద్ధానికి దిగకుండా, కొట్టి తప్పుకునే పద్ధతి పట్టింది అందుకే.

ఒకచోట నిలబడి కాచుకోవాల్సి వస్తే ఏమవుతుందో బైరాన్‌పల్లి చూసింది. బురుజెక్కి వడిసెలలతో, నాటు తుపాకులతో ఊరివాళ్లు నిజాం పక్షాన పోరాడే ప్రైవేటు సేన రజాకార్లను ముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలను వెంటేసుకుని వచ్చారు. మృతులు 96 అని కొందరు, 118 అని కొందరు అంటారు.

సరిగ్గా 17 రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం నిజాం రాజ్యపు సరిహద్దు దాటింది. నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చేతిలో దాదాపు 22,000 మంది ఉన్నా, పూర్తి శిక్షణ పొందినవారు 6,000 చిల్లర. అయిదు రోజుల్లో కథ ముగిసింది. 18న ఆయన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. తర్వాతి హింసలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. అందులో ఎక్కువ మంది ముస్లింలు. ఆ సైనిక దాడికి పెట్టిన పోలీసు చర్య అన్న పేరు వింటే ఈ అంకె ఎవరికీ తట్టదు.

చార్లెస్‌కు పట్టిన గతి నిజాంకు పట్టలేదు. 1950లో ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ (రాష్ట్రాధినేత) అయ్యాడు. దళాలు మాత్రం ఇప్పుడు భారత సైన్యంతో తలపడుతూ 1951 అక్టోబర్ 21 దాకా అడవుల్లోనే ఉన్నాయి. పోరు మొత్తంలో 4,000 మంది దాకా కమ్యూనిస్టులు, రైతులు ప్రాణాలు కోల్పోయారు. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. అలహాబాద్ వైపు నెహ్రూకు పడినవి 2,33,571.