పూసిన రంగు, పుట్టిన రంగు

మోటారుకారు చక్రపు ఊచల సందులనుండి తొంగిచూచు ఎర్రని బ్రేకు కాలిపర్ నేటి యువకులకొక వేడుక. ఆబిడ్స్ నుండి మొజంజాహీ మార్కెట్టు మీదుగా నాంపల్లి వైపు సాగు కార్ల వరుసలో ఎరుపును, పసుపును దాల్చిన కాలిపర్లు అప్పుడప్పుడు కంటబడుచుండును. గిర్రున తిరుగు డిస్కును ఇరువైపులనుండి ప్యాడులతో నొక్కి బండిని నిలుపు పట్టుకారు వంటి భాగమిది. దానిని సింగారించుటకు సాధారణముగా రంగు పూయుదురు. కాని లోహముపై రంగు పూయుట వేరు, లోహమునుండియే రంగును, పొరను పుట్టించుట వేరు. ఈ రెండవదానికి యంత్రశాలలలో ఆనోడైజింగు అని పేరు. ఇది పాశ్చాత్యుల క్రొత్త విద్య యని తలచువారు ఆ దారిలోనే గన్‌ఫౌండ్రీ కడ హస్తకళల విక్రయశాలలోని గాజు బీరువాలను ఒకసారి పరికింపవలెను. అందు నల్లగా నిగనిగలాడు బిదిరీ పాత్రలకు ఎవరును నల్లరంగు పూయలేదు.

గన్‌ఫౌండ్రీ పేరులోనే పోతపని యున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అచ్చట ఫిరంగులు పోత పోయించెను. ఫిరంగులు పోయినవి, పేరు నిలిచినది. బిదిరీకి పుట్టినిల్లు బీదరు. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. రాష్ట్రముల పునర్విభజనలో మైసూరునకు చేరినది. పనివారు మాత్రము ఇరుతావులను విడువలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తుశాలలో పాత బిదిరీ హుక్కాలను, పాన్‌దానులను చూడవచ్చును. 1938లో ఆరంభమై నేటికిని ఏటేట జనవరిలో నాంపల్లిలో జరుగు నుమాయిష్‌లో క్రొత్తవానిని బేరమాడి కొనవచ్చును.

ఆ నలుపు వచ్చు తీరు వినదగినది. తుత్తునాగమున కొలదిగా రాగి కలిపి కరగించి, ఆముదము, గుగ్గిలము చేర్చి మెదిపిన మట్టి అచ్చులలో పోయుదురు. పోత చల్లారిన పిమ్మట ఆకురాతితో నునుపు చేసి, మైలుతుత్తపు నీటితో రుద్దుదురు. ఇది తాత్కాలికపు నలుపు. ఉలితో గీసిన గీత తెల్లగా తేటపడుటకు మాత్రమే. తీగెలు, పూవులు, ఆకులు చెక్కి, ఆ గాడులలో వెండితీగెను సుత్తితో మెల్లగా అదిమి కూర్తురు. మరల ఆకురాతితో రుద్దగా తాత్కాలికపు నలుపు పోవును. అప్పుడు వెండియు తుత్తునాగమును ఇంచుమించు ఒకే తెలుపు. నెలల శ్రమ కంటికి ఆనదు. అసలు పని అప్పుడు మొదలగును. బీదరు కోటలో వానయు ఎండయు సోకని పాతచోట్ల మట్టిని తెచ్చి, నవాసాగరము కలిపి, నీట మరగింతురు. వెచ్చజేసిన పాత్రను అందు తిప్పగా, నిముషములలో తుత్తునాగపు భాగమంతయు కారునలుపుగా మారును. వెండి చెక్కుచెదరక తెల్లగా వెలుగును. పిదప నూనె పూసి తుడుతురు. ఆ మట్టి పనికివచ్చునో రాదో పాత పనివారు నాలుకపై వేసికొని రుచి చూచి చెప్పుదురు. లోహములో రాగి పాలు లేనిచో ఆ నలుపు కుదరదని పరిశోధకులు తరువాత నిరూపించిరి. పనివారు చదువని రసాయనశాస్త్రము వారి చేతిలో నుండెను.

ఆనోడైజింగు అల్యూమినియమునకు తగిన విద్య. గాలి సోకినంతనే అల్యూమినియముపై ఆక్సైడు పొర తనంతట ఏర్పడును. కాని దాని మందము కొలది నానోమీటర్లే. వస్తువును గంధకికామ్లపు తొట్టిలో ధనధ్రువముగా వ్రేలాడదీసి విద్యుత్తు పంపినచో ఆ పొర వేలరెట్లు మందమై, అయిదు మొదలు ఇరువదియైదు మైక్రానుల వరకు పెరుగును. తొట్టిని మంచువలె చల్లగా నుంచి చేయు కఠిన పద్ధతిలో ఇంకను దట్టమగును. పొరలో సగము లోపలికి, సగము వెలుపలికి పెరుగును గనుక అది అంటించిన తొడుగు కాదు, లోహమునకు చర్మము. అందలి సూక్ష్మరంధ్రములలో అద్దకపు రంగును ఇంకించి, మరుగునీట ముంచగా రంధ్రములు మూసికొనును. 1923లో ఆంగ్లేయులు నీటివిమానముల భాగములను సముద్రపు ఉప్పునుండి కాపాడుటకు క్రోమికామ్లముతో దీనిని మొదలిడిరి. గంధకికామ్లపు పద్ధతి 1927లో వచ్చినది.

ఇక కాలిపర్ మాట. మన వీధులలోని చిన్నకార్లలో చాలవాటి కాలిపర్లు పోత ఇనుముతో చేసినవి. ఇనుమునకు ఈ విద్య పనికిరాదు. ఆ తొట్టిలో అది కరగిపోవును. దుకాణమువాడు ఎంత తీయగా చెప్పినను, ముందు అయస్కాంతమును ఆనించి చూడవలెను. అది అతుక్కొన్నచో ఆ కాలిపర్‌కు వేడిని తట్టు రంగో, జింకు పూతయో తప్ప గతిలేదు. అల్యూమినియము కాలిపర్‌కైనను చిక్కులున్నవి. పోతకు అనుకూలముగా కలిపిన సిలికాను ఆక్సైడుగా మారదు గనుక పొర బూడిదవన్నెతో మచ్చలుగా వచ్చును. నిగనిగలాడు ఎరుపు ఆశించినవానికి నిరాశయే. అద్దకపు రంగులు పెక్కు మిక్కిలి వేడికి, ఎండకు వెలసిపోవును. వేడికి అల్యూమినియము తనపైనున్న పొరకంటె నాలుగైదు రెట్లు వ్యాకోచించును గనుక పొరపై వెంట్రుకవంటి పగుళ్లు పుట్టును.

ఇన్ని చెప్పినను పూసిన రంగునకు లేని గుణమొకటి దీనికి కలదు: పెచ్చులూడదు. రంగు రాతిదెబ్బకు పెచ్చులూడును. సాధారణ బ్రేకునూనె చుక్క పడినచోట ఉబ్బి లేచిపోవును. అంతకంటె భయంకరమైనది, తెలియనివాడు ప్యాడులు జారు తావులమీదను, కదలు పిన్నులమీదను కూడ కుంచె ఆడించుట. అప్పుడు ప్యాడు ఒదిగి వెనుకకు రాక డిస్కును రాచుకొనుచునే యుండును. ఆ చక్రము వేడెక్కును, నూనె మరగవచ్చును, ఘాటుదారిలో పెడలు తొక్కినను బండి ఆగకపోవచ్చును. ఆనోడైజింగులోను ఈ జాగ్రత్త తప్పదు. పిస్టనును, రబ్బరు వలయములను, ఉక్కు మరలను అన్నిటిని విప్పి తీసి, పిస్టను కదలు గొట్టమును, వలయము కూర్చుండు గాడిని మూసి కాపాడవలెను. పది మైక్రానులు పెరిగినను ఆ బిగువు మారును. బాలానగరు, జీడిమెట్ల పారిశ్రామిక వాడలలో ఈ పని తెలిసిన కర్మాగారములు కలవు. మరల కూర్చి, గాలి తీసి, పరీక్షించు పని మాత్రము బ్రేకుల మర్మమెరిగిన మెకానిక్కునకే అప్పగింపవలెను.

పుట్టిన రంగునకును శత్రువులున్నారు. చక్రములు కడుగుటకు అమ్ము ఘాటైన క్షారద్రవములు ఆనోడైజు పొరను కరగించును, సబ్బునీరు చాలును. బిదిరీ పాత్రను పులుసుతోను, చింతపండుతోను తోమరాదు. మెత్తని గుడ్డపై కొబ్బరినూనె చుక్క వేసి తుడిచినచో నలుపు మరల నిగారించును.