లోహలక్షణములు - బాలబోధ



నేను హుస్సేనీ ఆలం నివాసిని. ఆలం అనగా ధ్వజము. మొహర్రం దినములలో ఊరేగించునట్టియు, మన పల్లెలలో పీరులని పిలువబడునట్టియు లోహపు ధ్వజమే మా పేటకు పేరైనది. ఇట్టి పేటలో నివసించియు, లోహమన నేమో నేను చాలకాలము సరిగా తెలిసికొనలేదు. తెలిసికొన్న విధమును నేడు మనవి చేసెదను. ఉపాధ్యాయులకును, ఇంట పిల్లలను చదివించు తల్లిదండ్రులకును ఇది కొంత ఉపకరింపవచ్చును.

నేను తర్కవ్యాకరణములు చదివినవాడను. బడిలో తెలుగు చెప్పినవాడను. ఒక యేడు సామాన్యశాస్త్రము చెప్పువారు లేకపోగా, ఎనిమిదవ తరగతిలో లోహములు, అలోహములు అను పాఠము నాపై బడినది. నాకు తెలిసిన పద్ధతి వల్లె వేయించుట. లోహములు గట్టివి, మెరయును, మ్రోగును, రేకులుగను తీగలుగను సాగును, వేడిమిని విద్యుత్తును ప్రసరింపజేయును. అలోహములు ఇందుకు విరుద్ధములు అని నాలుగు దినములు వల్లె వేయించితిని. పిమ్మట పరీక్షలో, లోహములు గట్టివనుటకు ఉదాహరణము వ్రాయుమంటిని. వెనుక వరుసలో కూర్చుండు బాలుడొకడు, "గట్టివి కావు. వెండి ఊదితే ఎగిరిపోతుంది" అని వ్రాసెను. నేను దానికి సున్న వేసి, తరగతిలో బిగ్గరగా చదివి వినిపించితిని. అందరును నవ్విరి. వాడు మారు పలుకలేదు. మరి రెండు దినములు బడికి రాలేదు.

మూడవనాడు వెదకికొనుచు వాని యింటికి పోతిని. చార్మినారు సమీపమున ఒక సందులో వాని తండ్రి వెండి వరఖు కొట్టువాడు. వరఖనగా మిఠాయిలపైనను, తాంబూలముపైనను అంటించు వెండిపొర. చిన్న వెండితునకలను పొత్తమువంటి కట్టలో పుటకొక్కటిగా నుంచి, రాతిపై బెట్టి, ఆయన గంటలకొలది సుత్తితో కొట్టుచుండును. "కూర్చోండి మాస్టర్ సాబ్" అని నన్నాదరించి, కట్ట విప్పి ఒక పుట చూపెను. గోరంత తునక పుటంత వెడల్పుగా పరచుకొని యుండెను. నేను మాటాడుటకై నోరు తెరచితినో లేదో, ఆ పొర నా యూపిరికే లేచి, ముడుచుకొని, నేలబడెను. మూల నిలిచియున్న బాలుడు నావంక చూచి తల వంచుకొనెను. తప్పు వ్రాసినది వాడు కాడనియు, సున్నకు తగినవాడను నేనే యనియు అప్పుడు గ్రహించితిని.

వరఖు మందము మిల్లీమీటరులో వేయవ వంతునకు లోపలనే యుండును. వెండి ఎంత శుద్ధమైన నంత మెత్తన. రాగి కలసినచో గట్టిపడును. తినుబండములపై వేయు వరఖునకు వేయింట 999 పాళ్లు శుద్ధమైన వెండినే వాడవలెననియు, తయారీలో జంతుచర్మాదులు కూడవనియు 2016లో మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నియమించినది.

ఆ రాత్రి నేను చదివిన తర్కమే నన్ను మందలించినది. ఒక వస్తువునకు లక్షణము చెప్పునపుడు మూడు దోషములు తప్పించుకొనవలెను. కపిలవర్ణము గలది గోవు అన్నచో తెల్లయావు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది గోవు అన్నచో గేదెయు గోవగును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవు అన్నచో ఏ యావునకును పట్టదు, ఇది అసంభవము. గంగడోలు గలది గోవు అన్నపుడే లక్షణము నిర్దుష్టమగును. గోవు విషయమున ఇంత జాగ్రత్త నేర్చిన నేను లోహము విషయమున ఏమియు చూపనైతిని.

మరునాడు తరగతి బల్లపై ఇనుపమేకు, రాగితీగ, గంధకపు గడ్డ, బొగ్గు, పెన్సిలు ములుకు, రెండు బ్యాటరీలు, ఒక చిన్న బల్బు ఉంచితిని. ముందుగా బాలునిచేతనే నా తప్పును చెప్పించి, సున్నను కొట్టివేసి, సుత్తి వానిచేతి కిచ్చితిని. రాగి చదునయ్యెను, గంధకము పొడియయ్యెను. అప్పుడు ఒక్కొక్క లక్షణమునే పరీక్షింప మొదలిడితిమి.

గట్టిది లోహమందమా? సోడియమును చాకుతో కోయవచ్చును. పాదరసము సున్నకు దిగువ 39 డిగ్రీల వరకు ద్రవమే. గాలియము సుమారు 30 డిగ్రీలకే, అరచేతి వేడికే, కరగును. ఇది అవ్యాప్తి. ఇక కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకి గోల్కొండ పేర లోకప్రసిద్ధి గన్న వజ్రము కర్బనమే, అలోహమే. గట్టిదనమున దానికి సాటి లేదు. ఇది అతివ్యాప్తి. మెరయునది లోహమందమా? అయొడిన్ పలుకులును మెరయును. వేడిమిని ప్రసరింపజేయునది లోహమందమా? వజ్రము రాగికంటె సుమారు ఐదురెట్లు ప్రసరింపజేయును. కొట్టిన సాగునది లోహమందమా? జింకు మామూలు వేడిమిలో పెళుసు. 100 మొదలు 150 డిగ్రీల వరకు కాచిన సాగును. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన బీదరులోని బిద్రీ పాత్రలు చాలవరకు జింకును, కొంచెము రాగియు కలిసినవి. కావుననే వానిని సుత్తితో సాగగొట్టక, కరగించి మూసలో పోయుదురు. వానిలో పొదుగు వెండితీగ మాత్రము చెప్పినట్లు వంగును.

తుదకు పెన్సిలు ములుకును బ్యాటరీలకును బల్బునకును నడుమ చేర్చితిమి. బల్బు మినుకుమినుకుమని వెలిగెను. వెనుక వరుస బాలుడు లేచి, "మరి ఇది లోహమా సార్?" అని యడిగెను. నాలుగు దినముల వల్లెవేతలో ఒక్కరును నన్నట్లు ప్రశ్నింపలేదు.

వానికి చెప్పిన సమాధానమే మీకును చెప్పుచున్నాను. లోహములోని పరమాణువులు తమ వెలుపలి ఎలక్ట్రానులను ఉమ్మడి సొత్తుగా విడిచి పెట్టును. ఎవరికిని కట్టుబడని ఆ ఎలక్ట్రానులే విద్యుత్తును మోయును, వెలుగును త్రిప్పికొట్టి మెరయించును. సుత్తిదెబ్బకు పరమాణువుల వరుసలు జరిగినను ఆ ఉమ్మడి బంధము తెగదు. అందుచేతనే వెండి చినుగక పరచుకొనును. గంధకములో ఎనిమిదేసి పరమాణువులు ఉంగరములై యుండును. ఉంగరమునకు ఉంగరమునకు నడుమ పట్టు స్వల్పము. దెబ్బ తగిలిన చెదరును. పెన్సిలు ములుకులోని గ్రాఫైటులో కర్బనము పొరలుపొరలుగా నుండి, ప్రతి పరమాణువును ఒక్క ఎలక్ట్రానును పొర కంతకును విడుచును. కావున అలోహమయ్యు విద్యుత్తు విషయమున లోహమును బోలినది. సిలికాన్, జెర్మేనియం వంటివి నడుమ నిలిచి అర్ధలోహములనబడుచున్నవి. కంటికి కనబడు గుర్తులలో ఏ యొక్కటియు లోహమునకు గంగడోలు కాదు. దాని గంగడోలు లోపలి ఆ ఉమ్మడి ఎలక్ట్రానులే.

ఉపాధ్యాయ సోదరులారా, పాఠమున చెప్పు గుణములు అబద్ధములు కావు. అవి పెక్కింటికి వర్తించును, అన్నింటికిని వర్తింపవు. ఏ గుణము చెప్పినను, ఇది ఎక్కడ తప్పునని పిల్లలనే వెదకుమనుడు. పాదరసమును చేతికీయకుడు, ఇంటి విద్యుత్తును తాకనీయకుడు, గంధకమును కాల్పకుడు. సుత్తి, మేకు, తీగ, బ్యాటరీ చాలును. అన్నింటికంటె ముఖ్యముగా, పిల్లవాడు తన యింటినుండి తెచ్చిన జ్ఞానమును పుస్తకములో లేదని త్రోసివేయకుడు. కంచరి యింటి బిడ్డకును, కంసాలి యింటి బిడ్డకును, వరఖు కొట్టువాని బిడ్డకును మనకు తెలియని పాఠము కొంత తెలిసియుండును. నేను దానిని నేర్చుటకు ఒక బాలుని నవ్వులపాలు చేసితిని. మీకు ఆ యవసరము రాకుండుగాక.

సెలవు.