నవ్వొస్తే తమ్ముడి మోకాళ్లు వదిలేసేవి

మా తమ్ముడి పదో తరగతి సోషల్ నోట్సు నా బీరువాలో ఇంకా దాచి ఉంచాను. ఒక పేజీలో మొదటి నాలుగు వరుసలు ముత్యాల్లా ఉంటాయి. ఐదో వరుసలో అక్షరాలు సాగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఆఖరికి సన్నటి గీతై పేజీ అంచుదాకా జారిపోతాయి. అక్కడ వాడికి నిద్ర పట్టేసింది. కింద మళ్లీ ముత్యాల్లాంటి అక్షరాలే.

రాత్రి తొమ్మిదింటికే పడుకున్నా పగలు ఇదే వరస. బడిలో బెంచీ ఎక్కిస్తే నిలబడే తూలేవాడు. నాన్న బద్ధకం అన్నారు. నేను కుంభకర్ణుడా అని పిలిచేదాన్ని. ఆ పిలుపు గుర్తొస్తే ఈరోజుకీ నా మనసు కలుక్కుమంటుంది.

ఓ పెళ్లిలో బాబాయి ఏదో అంటే పగలబడి నవ్వబోయి, మోకాళ్లు వదిలేసి కూలబడ్డాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. నిమిషంలో లేచి, "అందరి మాటలూ వినిపిస్తూనే ఉన్నాయక్కా, వేలు కూడా కదల్లేదు" అన్నాడు. మూర్ఛ అనుకుని రెండేళ్లు ఆ మాత్రలే వేశారు. తర్వాత చూసిన నరాల డాక్టరు రాత్రంతా నిద్ర పరీక్ష చేసి, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి చూసి, నార్కోలెప్సీ అని తేల్చారు.

అమ్మ అడిగిన మొదటి మాట: "రేపు పెళ్లయితే వీడి పిల్లలకీ వస్తుందా?"

ఆ ప్రశ్నే నన్ను 17వ క్రోమోజోము దాకా తీసుకెళ్లింది. దాని మీద హెచ్‌సీఆర్‌టీ అనే చిన్న జన్యువు ఉంది. అది చెప్పినట్టు 131 అమైనో ఆమ్లాల ప్రొటీన్ తయారై, అందులోంచి 33, 28 ఆమ్లాలున్న రెండు ముక్కలు బయటికొస్తాయి. 1998లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా వీటిని కనిపెట్టాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు. రెండోవారు, ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే తిండి ఎక్కువ తిన్నాయని, గ్రీకులో ఆకలి అనే మాట మీదుగా ఒరెక్సిన్ అన్నారు.

అసలు పని మరుసటేడు బయటపడింది. స్టాన్‌ఫర్డ్‌లో ఇమ్మాన్యుయెల్ మిన్యో బృందం పెంచిన డాబర్‌మన్ కుక్కలు ఇష్టమైన తిండి కనబడగానే సంతోషంతో కాళ్లు మడుచుకుని పడిపోయేవి. వాటిలో ఈ ఒరెక్సిన్‌ను అందుకునే రిసెప్టర్ చెడిపోయింది. ఆ సంగతి చదువుతుంటే నాకు పెళ్లి పందిరిలో తమ్ముడే కనిపించాడు.

ఒరెక్సిన్ మనల్ని మెలకువలో నిలబెట్టి ఉంచుతుంది. అది లేకపోతే మెలకువ నిలకడగా ఉండదు. కలల నిద్రలో ఒళ్లు బిగుసుకోకుండా వదులైపోతుంది కదా, ఆ వదులుతనం నవ్వు వచ్చినప్పుడు మెలకువలోకి చొరబడుతుంది.

మరి జన్యువే చెడిందా? లేదు. 2000లో పరిశోధకులు వెతికితే, ఆరు నెలల వయసులోనే జబ్బు మొదలైన ఒక్క రోగిలోనే ఈ జన్యువులో తప్పు దొరికింది. మిగతావాళ్లలో రాత సరిగ్గానే ఉంది, దాన్ని చదివే కణాలే లేవు. ఈ జన్యువు దాదాపు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్నా, చదివి ఒరెక్సిన్ చేసేవి మెదడులో హైపోథలామస్ దగ్గరుండే, లక్ష కూడా లేని కణాలు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే వాటిని చంపేస్తోందని బలమైన ఆధారాలున్నాయి. కణాలు పోతే మళ్లీ రావు.

అందుకే డాక్టరు అమ్మతో, "పిల్లలకి వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండేనమ్మా" అన్నారు. అమ్మ ఆ రోజు తృప్తిగా అన్నం తింది.

ఇదే ఒరెక్సిన్‌ను అడ్డుకుంటే నిద్ర పట్టనివాళ్లకు నిద్రొస్తుంది. ఆ దారిలో వచ్చిన సువోరెక్సాంట్ మాత్రకు 2014లో అమెరికాలో అనుమతి దొరికింది. తమ్ముడిలాంటి వాళ్లకు కావాల్సింది దీనికి తిరగేసిన మందు, ఆ లోటు తీర్చేది. దాని కోసమే నేను వార్తలు వెతుకుతుంటాను.

ప్రస్తుతం వాడికి పొద్దున ఓ మాత్ర, ఆఫీసులో మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు. ఇంట్లో బాబాయి నోరు విప్పబోతున్నాడంటే చాలు, వాడి చెయ్యి నా భుజం మీదికి వస్తుంది. నేను కాళ్లు గట్టిగా ఆనించి నిలబడతాను.