నకిలీ పార్టు – నిజమైన సాక్ష్యము

కదిరి నుండి ములకలచెరువు మీదుగా మదనపల్లెకు పోవు రహదారి మీద తనకల్లు ఉన్నది. టమోటా బాక్సులు మోయు ఆటోలు, చెనక్కాయ పొలములు దున్ను ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు లేక నేడు మన పల్లెలలో దినము గడవదు. బండి గలవారు నలుగురు మెకానిక్ షెడ్డు దగ్గర కూడినచో మాట స్పేర్ పార్ట్స్ అంగళ్ల మీదికి మళ్లును. “ఒరిజినల్ అని చెప్పి డూప్లికేట్ అంటగట్టినాడు” అని ఒకరు, “మూడు నెలలు కూడా రాలేదు” అని మరియొకరు చెప్పుకొందురు.

ఇట్టి మాటలలో విశ్వాసి పాలు పొందవచ్చునా? నోరు మూసుకొని నష్టము భరించుటయే భక్తి అని కొందరు తలంచుచున్నారు. మరికొందరు విన్నదానికి రెండింతలు చేర్చి చెప్పుచున్నారు. ఈ రెండును సరియైనవి కావు.

మౌనము ఎందుకు తప్పు?

నకిలీ పార్టు వలన పోవునది డబ్బు మాత్రమే కాదు. నాసిరకపు బ్రేక్ షూ వేడెక్కినప్పుడు దాని లైనింగు ఊడిపోవచ్చును. బరువుతో దిగువకు పోవుచున్న ఆటోకు అది ప్రాణాపాయము. నకిలీ ఆయిల్ ఫిల్టరు మురికిని ఆపదు. ఇంజిను లోపల అరిగిపోయి, కొన్నాళ్లకు వేల రూపాయల ఖర్చు పైన పడును. పాత బేరింగును కడిగి, మెరుగుపెట్టి, కొత్త డబ్బాలో పెట్టి అమ్మువారు కూడ ఉన్నారు. నేను మోసపోయి ఊరకుంటే రేపు అదే అంగడిలో అదే బ్రేక్ షూ నా పొరుగువాడు కొనును. పొరుగువానిని ప్రేమించుట అంటే అతనిని ముందుగా హెచ్చరించుట కూడ కాదా?

మంచి ధాన్యములో చెత్త కలిపి అమ్మువారిని ఆమోసు ప్రవక్త గద్దించెను. తూనికలలోను కొలతలలోను అన్యాయము చేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఆనాటి దొంగ తూకపురాయి, నేటి దొంగ లేబులు – రెండును ఒక్కటే పాపము.

మాట్లాడు క్రమము

మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు సహోదరుల మధ్య తగవుకు ఒక క్రమము నేర్పెను: మొదట ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, ఆ తరువాతనే సంఘముతో. అంగడివానితో మన వ్యవహారమునకు కూడ ఈ క్రమము ఎంతో మేలు.

మొదట మనలను మనమే పరీక్షించుకొనవలెను. తప్పు పార్టుదా, బిగింపుదా, మన వాడకముదా? బేరింగును సుత్తితో కొట్టి ఎక్కించినచో ఒరిజినలైనను చెడిపోవును. క్లచ్ పెడలు మీద కాలు పెట్టియే నడిపినచో ఏ ప్లేటైనను కాలిపోవును. కొన్నిచోట్ల మెకానిక్కుకు అంగడి నుండి కమీషను ముట్టుచుండును గనుక, పార్టు ఎవరు ఎంపిక చేసిరో కూడ అడగవలెను.

రెండవది, చెడిన పార్టును, డబ్బాను, బిల్లును తీసికొని అంగడివాని యొద్దకే పోవలెను. అతడు కూడ పెద్ద బజారులో మోసపోయి యుండవచ్చును. మొదట చెప్పినవాని మాట న్యాయముగా తోచునని, ఎదుటివాడు వచ్చి అడిగినప్పుడే నిజము తేలునని సామెతల గ్రంథము బోధించుచున్నది.

మూడవది, అతడు వినకపోతే ఒకరిద్దరు పెద్దమనుషులతో పోవలెను. అప్పటికిని వినకపోతే ఇతరులకు చెప్పవచ్చును. అయితే చూచినదే చెప్పవలెను: ఏ పార్టు, ఎప్పుడు కొన్నాము, ఎంత ఇచ్చినాము, ఎన్ని దినములు వచ్చినది, అడిగినప్పుడు అతడు ఏమనెను. “వాళ్లందరూ దొంగలే” అనుట సాక్ష్యము కాదు. ఫోనులో వచ్చిన మాటను విచారింపక మరియొకరికి పంపుట లేనివార్తను పుట్టించినట్లే. అంగడివాడు పార్టు మార్చి ఇచ్చినచో ఆ సంగతి కూడ అదే నోటితో చెప్పవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానములో 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము బిల్లు ఇవ్వకపోవుట అన్యాయ వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులోని గడువులోగాని, గడువు లేనిచో 30 దినములలోగాని వాపసు తీసికొనకపోవుట కూడ అట్టిదే.

“నేను బాడుగకు ఆటో నడుపువాడను, నాకు ఇది వర్తించునా?” అని అడుగవచ్చును. స్వయముగా కష్టపడి జీవనోపాధి కొరకు కొన్నచో వర్తించును. మనము నివసించు జిల్లాకు చెందిన వినియోగదారుల కమిషనులోనే, రెండు సంవత్సరములలోపు ఫిర్యాదు చేయవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఒకే విధముగా నష్టపోయినవారు కమిషను అనుమతితో కలిసి ఫిర్యాదు చేయవచ్చును. సలహా కొరకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. కంపెనీ పేరును దొంగతనముగా వేసి అమ్మువానికి 1999 ట్రేడ్ మార్కుల చట్టము ఆరు నెలల నుండి మూడు సంవత్సరముల వరకు జైలు శిక్ష విధించుచున్నది.

ఇంటిలో చేయదగినవి

బిల్లు అడుగుట సిగ్గు కాదు. గృహిణులు ఆ బిల్లును రేషను కార్డుతో పాటు భద్రపరచిన చాలును, అవసరమైనప్పుడు దొరకును. పార్టు వేయించిన తరువాత చెడిన పాతదానిని అడిగి తీసికొనుడి. బిల్లు గడువు తీరిన పిమ్మట ఖాళీ డబ్బాను చింపివేయుడి. ఆ డబ్బాలలోనే నకిలీ సరుకు తిరిగి వచ్చును.

మరీ చవకగా, బిల్లు లేకుండా వచ్చు సరుకును గూర్చి జాగ్రత్త. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారమునకు చెందిన వందలాది ఇంజిన్లు కొన్నేండ్లుగా మాయమైనట్లు 2025లో పోలీసులకు ఫిర్యాదు అందినది. కొనువాడు లేనిదే దొంగ సరుకు కదలదు. మోసపోయినామని వాపోవు మనమే, తెలిసి తెలిసి దొంగ సరుకు కొన్నచో, ఇక ఎవరి మీద ఫిర్యాదు చేయగలము?

అంగడి నడుపు సహోదరులకు, షెడ్డులో పనిచేయు యౌవనులకు ఒక మాట. జక్కయ్య రక్షణ పొందిన దినమున అతని లెక్కల పుస్తకము కూడ మారినది. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని అతడు అందరి యెదుట చెప్పెను. ఒరిజినల్ కానిదానిని “ఇది లోకల్ మాల్, వెల తక్కువ, ఇంతకాలమే వచ్చును” అని చెప్పి అమ్ముటలో పాపము లేదు. దాచుటలోనే పాపమున్నది. బేరము కొంత తగ్గినను, “అక్కడికి పోతే మోసముండదు” అని నలుగురు చెప్పుకొను మాట ఏ బోర్డు కంటెను గొప్పది.

కొనువారమైనను, అమ్మువారమైనను, మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లుండుటకు ప్రభువు సహాయము చేయును గాక.