ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిస్తే: గృహ ఆస్తి ఆదాయం లెక్కింపు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఒకే ఇంటిని సొంత నివాస భాగం, అద్దె భాగం అని విడదీసి ఆదాయం లెక్కించగలుగుతారు.
• పాత, కొత్త పన్ను విధానాల్లో ఆ లెక్క ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• అద్దెను రిటర్నులో ఎవరు, ఎందుకు చూపాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ వైపు వెళ్తూ కొత్తపేటలో ఏ వీధిలోకి తిరిగినా గేటుకు ‘టు లెట్’ బోర్డు కనిపిస్తుంది. కింద యజమాని కుటుంబం, పైన ఒకటో రెండో పోర్షన్లు, మేడ మీద పెంట్‌హౌస్. ఇక్కడి ఇళ్ళలో చాలావాటి తీరు ఇదే. ఉద్యోగ విరమణ చేసిన వారికి పింఛనుతోపాటు ఈ కిరాయే ఆధారం. అందుకే “వచ్చేది ఇంటి ఖర్చులకే చాలదు, దీనికీ పన్నా?” అనే ప్రశ్న వస్తుంది. అద్దెను దేనికి ఖర్చుపెట్టారని చట్టం అడగదు. అయితే కొన్ని తగ్గింపులు తానే ఇస్తుంది. అవి తెలియక కొందరు ఆదాయాన్ని అసలే చూపరు, మరికొందరు అవసరానికి మించి చూపుతారు.

ఈ పాఠంలోని లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. వీటికి 1961 ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమల్లోకి వచ్చినా, ఇక్కడ చెప్పిన మౌలిక పద్ధతి మారలేదు.

2. ఆదాయం ఎవరిది?

సెక్షన్ 22 ప్రకారం పన్ను బాధ్యత ఇంటి యజమానిది. అద్దె ఎవరి చేతికి వచ్చిందన్నది ముఖ్యం కాదు. ఇల్లు తండ్రి పేరున ఉండి కొడుకు అద్దె వసూలు చేస్తున్నా, ఆ ఆదాయం తండ్రి రిటర్నులోనే చూపాలి. ఇద్దరు సహయజమానులై, వాటాలు స్పష్టంగా ఉంటే, ఎవరి వాటా వారు చూపాలి. భర్త తగిన ప్రతిఫలం లేకుండా భార్య పేరున రాసిన ఇంటికి మాత్రం, సెక్షన్ 27 ప్రకారం భర్తనే యజమానిగా భావిస్తారు.

3. లెక్కించే క్రమం

మొదట ఇంటిని రెండు యూనిట్లుగా విడదీయండి. యజమాని ఉంటున్న భాగానికి వార్షిక విలువ సున్నా. అద్దె భాగానికి ఈ క్రమం పాటించండి.

(అ) స్థూల వార్షిక విలువ: సాధారణంగా వచ్చిన అద్దె, ఆ ప్రాంతంలో న్యాయంగా రాదగిన అద్దె, ఈ రెండింటిలో ఎక్కువది. కొన్ని నెలలు పోర్షన్ ఖాళీగా ఉండి, ఆ కారణంగా అద్దె తగ్గితే వచ్చిన అద్దెనే తీసుకోవచ్చు.
(ఆ) ఇందులోంచి, ఆ భాగానికి చెందిన ఇంటి పన్నును తీసివేయాలి. యజమాని ఆ సంవత్సరంలో నిజంగా చెల్లించి ఉండాలి. బకాయి పెట్టిన పన్నుకు తగ్గింపు లేదు. మిగిలేది నికర వార్షిక విలువ.
(ఇ) నికర వార్షిక విలువలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు.
(ఈ) ఆ భాగానికి చెందిన గృహ రుణ వడ్డీ. వాయిదా మొత్తం కాదు, అందులోని వడ్డీ మాత్రమే.

4. ఉదాహరణ

కొత్తపేటలో సమాన వైశాల్యంగల రెండు అంతస్తుల ఇల్లు ఉందనుకుందాం. యజమాని వయసు 66. పై అంతస్తు అద్దె నెలకు రూ. 15,000. మొత్తం ఇంటి పన్ను రూ. 8,000, రుణ వడ్డీ రూ. 1,60,000. ఈ రెండింటిలో సగం పై అంతస్తుకు చెందుతుంది.

స్థూల వార్షిక విలువ: 1,80,000
ఇంటి పన్ను: 4,000
నికర వార్షిక విలువ: 1,76,000
30 శాతం తగ్గింపు: 52,800
వడ్డీ: 80,000
అద్దె భాగంపై ఆదాయం: 43,200

కింది అంతస్తు వడ్డీ రూ. 80,000 సంగతేమిటి? పాత విధానంలో, నిబంధనలకు లోబడి, సొంత నివాసానికి రూ. 2,00,000 వరకు వడ్డీ తగ్గింపు ఉంది. అప్పుడు మొత్తం ఫలితం రూ. 36,800 నష్టం. దాన్ని పింఛను ఆదాయంలోంచి తీసివేయవచ్చు. కొత్త విధానంలో ఈ వడ్డీకి తగ్గింపు లేదు, ఆదాయం రూ. 43,200గానే ఉంటుంది.

అయితే పాత విధానమే మేలా? తొందరపడకండి. ఈ యజమాని పింఛను ఏడాదికి రూ. 6,75,000 అనుకోండి. కొత్త విధానంలో రూ. 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా, అద్దెతో కలిపి ఆదాయం రూ. 6,43,200. రూ. 12,00,000 వరకు రిబేటు ఉన్నందున పన్ను సున్నా. పాత విధానంలో రూ. 50,000 తగ్గింపు, ఇంటి నష్టం పోగా ఆదాయం రూ. 5,88,200. ఇతర తగ్గింపులు లేకపోతే సెస్సుతో కలిపి పన్ను సుమారు రూ. 28,750. ఆదాయం తక్కువగా తేలిన విధానంలోనే పన్ను ఎక్కువైంది. కాబట్టి రెండు లెక్కలూ చివరిదాకా వేసి చూడాలి.

5. గమనించవలసిన విషయాలు

• రంగులు, మోటారు మరమ్మతు, ప్లంబింగు ఖర్చులను విడిగా తీసివేయకూడదు. ఖర్చు ఎంతైనా, అసలు లేకపోయినా, తగ్గింపు 30 శాతమే.
• తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు ఆదాయం కాదు. ఖాళీ చేసేటప్పుడు దాన్ని అద్దె బకాయికి సర్దుకుంటే అది అద్దె అవుతుంది.
• యజమాని తన నివాస గృహాన్ని లేదా అందులో భాగాన్ని అద్దెకిచ్చి, ఆ ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా చూపే వీలును 2024 ఆర్థిక (నం. 2) చట్టం తొలగించింది.
• అద్దెకున్న ఉద్యోగి ఇంటి అద్దె భత్యంపై మినహాయింపు కోరితే, ఏడాది అద్దె రూ. 1,00,000 దాటినప్పుడు యజమాని పాన్ నంబరు తన సంస్థకు ఇవ్వాలి. మీరు చూపని అద్దె ఆ దారిలో బయటపడవచ్చు.
• పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్ను అక్కరలేదని కాదు. పై ఉదాహరణలో ఆదాయం కొత్త విధానపు ప్రాథమిక పరిమితి రూ. 4,00,000 దాటింది కనుక దాఖలు చేయాలి. ఆదాయాన్ని తక్కువ చూపితే, దానిపై పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలిస్తే 200 శాతం జరిమానా పడవచ్చు.

6. సారాంశం

ఇల్లు ఒకటే అయినా లెక్కలు రెండు. ఇంటి పన్నును, వడ్డీని న్యాయమైన ప్రాతిపదికన, సాధారణంగా వైశాల్యాన్నిబట్టి, పంచాలి. అద్దె ఒప్పందం, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు ఇచ్చే వడ్డీ ధ్రువపత్రం ఒకేచోట భద్రపరచుకుంటే లెక్క సులువవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో యజమాని ఆ ఏడాది ఇంటి పన్ను చెల్లించకపోతే అద్దె భాగంపై ఆదాయం ఎంత?
2. రుణమే లేకపోతే రెండు విధానాల్లో గృహ ఆస్తి ఆదాయం ఒకటే అవుతుందా? కారణం రాయండి.

జవాబులు: 1. రూ. 46,000. 2. ఒకటే అవుతుంది; ఈ ఉదాహరణలో తేడా సొంత నివాస భాగపు వడ్డీవల్లనే వచ్చింది.