జీర్ణాశయ క్యాన్సర్: ప్రమాద కారకాలు, నివారణ మార్గాలు – నిజామాబాద్, బోధన్ ప్రాంత నేపథ్యం

వ్యాస సంగ్రహం: జీర్ణాశయ క్యాన్సర్ దశాబ్దాల పాటు నిశ్శబ్దంగా రూపొందే వ్యాధి. బాక్టీరియా సంక్రమణం, పొగాకు, ఉప్పులో నిల్వ చేసిన ఆహారం, అధిక మద్యపానం, వంశానుగత లక్షణాలు దీనికి ప్రధాన కారకాలు. నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతాల జీవన విధానంలో ఈ కారకాలు ఏ రూపంలో కనిపిస్తాయో పరిశీలించి, ఆచరణీయమైన నివారణ మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జీర్ణాశయ క్యాన్సర్, హెలికోబాక్టర్ పైలోరి, బీడీ, ఉప్పు, ఎండోస్కోపీ, నివారణ.

1. ఉపోద్ఘాతం

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 9.7 లక్షల మందికి జీర్ణాశయ క్యాన్సర్ కొత్తగా సోకుతోంది, సుమారు 6.6 లక్షల మంది దీనివల్ల మరణిస్తున్నారు. రోగుల సంఖ్యలోనూ మరణాలలోనూ క్యాన్సర్లలో దీనిది ఐదవ స్థానం. భారతదేశంలో మిజోరం ఈ వ్యాధి అత్యధికంగా ఉన్న రాష్ట్రం. తెలంగాణలో తీవ్రత అంతగా లేకపోయినా ఉపేక్షించదగినది కాదు. తొలిదశ లక్షణాలు అజీర్తిని పోలి ఉండడంతో ‘గ్యాస్’ అనుకొని మాత్రలతో నెట్టుకురావడం, చివరకు శస్త్రచికిత్సకు వీలులేని దశలో ఆసుపత్రికి చేరడం దీనిలోని అసలు విషాదం.

2. వ్యాధి రూపొందే క్రమం

ఫిన్‌లాండ్ శాస్త్రవేత్త లౌరెన్ 1965లో ఈ క్యాన్సర్‌ను పేగు తరహా, వ్యాపక తరహా అని రెండుగా వర్గీకరించాడు. పేగు తరహా క్యాన్సర్ మెట్లుమెట్లుగా ఏర్పడుతుందని పెలాయో కొర్రియా ప్రతిపాదించాడు. మొదట జీర్ణాశయపు లోపొర దీర్ఘకాలం వాచి ఉంటుంది. క్రమంగా ఆమ్లాన్ని స్రవించే గ్రంథులు క్షీణిస్తాయి. ఆపై ఆ పొర పేగు పొరను పోలిన రూపం దాలుస్తుంది. కణాల అమరిక చెదిరిన తరువాత క్యాన్సర్ తలెత్తుతుంది. ఈ సుదీర్ఘ వ్యవధే నివారణకు దొరికే అవకాశం.

3. ప్రమాద కారకాలు

3.1 హెలికోబాక్టర్ పైలోరి: ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఈ బాక్టీరియాకూ జీర్ణాశయ వాపు, పుండ్లకూ గల సంబంధాన్ని వెలికితీసి 2005లో నోబెల్ బహుమతి పొందారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీనిని మొదటి శ్రేణి క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ఇది ఎక్కువగా బాల్యంలోనే, కుటుంబ సభ్యుల ద్వారా, కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకుతుంది. సోకినవారిలో 1 నుంచి 3 శాతం మందికి మాత్రమే క్యాన్సర్ వస్తుంది. భారతదేశంలో సంక్రమణం విస్తృతంగా ఉన్నా క్యాన్సర్ తక్కువగా ఉండడం పరిశోధకులను ఆలోచింపజేసిన చిక్కుముడి. బాక్టీరియా ఒక్కటే చాలదని, దానికి ఇతర కారకాలు తోడవుతాయని దీనినిబట్టి గ్రహించాలి.

3.2 పొగాకు: పొగ తాగడం జీర్ణాశయ క్యాన్సర్‌కు కారణమని అదే సంస్థ 2004లో వెలువరించిన 83వ సంపుటం నిర్ధారించింది. చెన్నైలోని అడయార్ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు గజలక్ష్మి, శాంత 1996లో ప్రచురించిన అధ్యయనంలో బీడీ తాగేవారికి ముప్పు అధికమని తేలింది. నిజామాబాద్ జిల్లాకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇక్కడ వేలాది కుటుంబాలలో స్త్రీలు బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నారు. అయితే ఈ ఆధారాలు బీడీ తాగడానికి సంబంధించినవి. బీడీ చుట్టడాన్ని దానితో కలిపి చెప్పడం శాస్త్రీయం కాదు. కనుక అవగాహన కార్యక్రమం కార్మికురాలి ఉపాధిని నిందించేదిగా కాక, పొగ తాగేవారిని ఉద్దేశించినదిగా ఉండాలి. ప్రత్యామ్నాయ ఉపాధి చూపకుండా బీడీని వ్యతిరేకించడం ఆ కుటుంబాల అన్నం ముద్దను ప్రశ్నించడమే.

3.3 ఆహారం, మద్యం: ఉప్పు అధికమైతే జీర్ణాశయపు రక్షక పొర దెబ్బతిని, బాక్టీరియా చేసే హాని పెరుగుతుంది. మామిడి తొక్కు, ఎండు చేపలు, చల్ల మిరపకాయలు అప్పుడప్పుడు రుచికి తింటే భయపడనవసరం లేదు. కూర లేని పూట తొక్కుతోనే అన్నమంతా తినే అలవాటు మాత్రం మారాలి. రోజుకు సుమారు 45 గ్రాములకు మించి ఆల్కహాల్ తీసుకుంటే ముప్పు పెరుగుతుందని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2016 నివేదిక పేర్కొంది. ఈ లెక్కలో సారాయి, బీరు, కల్లు అన్నీ చేరతాయి. జిల్లాలో క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలిపిన కల్లు వేరొక ప్రమాదం. అది వ్యసనానికి దారితీసి మద్యపానాన్ని నిత్యకృత్యం చేస్తుంది.

3.4 ఇతర కారకాలు: రక్తసంబంధీకులలో ఈ వ్యాధి ఉండడం, సీడీహెచ్1 జన్యు ఉత్పరివర్తనం, బి12 లోపంతో వచ్చే పెర్నిషియస్ రక్తహీనత, గతంలో జీర్ణాశయంలో కొంత భాగాన్ని తొలగించడం ముఖ్యమైనవి. జీర్ణాశయపు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు స్థూలకాయంతో సంబంధం ఉంది.

4. రెండు అపోహలు

బోధన్ అంటే 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ, శక్కర్‌నగర్ గుర్తుకు వస్తాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడినా ‘చక్కెర సీమ’ అన్న పేరు నిలిచింది. చక్కెర, బెల్లం నేరుగా జీర్ణాశయ క్యాన్సర్‌ను కలిగిస్తాయనడానికి నిరూపణ లేదు. అతిగా తింటే స్థూలకాయం ద్వారా పరోక్ష హాని కలగవచ్చు. అలాగే నిజామాబాద్ పసుపునకు ప్రసిద్ధి. పసుపులోని కర్కుమిన్‌పై ప్రయోగశాల పరిశోధనలు విస్తారంగా జరిగాయి. అయినా పసుపు తినడం వల్ల ఈ క్యాన్సర్ రాదని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

5. నివారణ మార్గాలు

సంక్రమణ నివారణ: సురక్షితమైన తాగునీరు, మరుగుదొడ్ల వినియోగం, భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం పునాది.

పరీక్ష, చికిత్స: శ్వాస పరీక్ష, మల పరీక్ష, ఎండోస్కోపీ ద్వారా బాక్టీరియాను గుర్తించవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వాడుతున్నవారిలో ఫలితం తప్పుగా రావచ్చు కనుక, వైద్యుని సలహాతో వాటిని రెండు వారాల ముందు ఆపాలి. చైనాలోని షాన్‌డాంగ్‌లో 1995లో మొదలైన ప్రయోగంలో, రెండు వారాల బాక్టీరియా చికిత్స పొందినవారిలో 22 ఏళ్ల తరువాత క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. అయినా మన దేశంలో యాంటీబయాటిక్ నిరోధకత అధికం. అందువల్ల అందరికీ మందులు పంచడం కంటే పుండ్లు ఉన్నవారికి, కుటుంబంలో ఈ క్యాన్సర్ ఉన్నవారికి పరీక్షించి చికిత్స చేయడం ఉచితం. మొదలుపెట్టిన కోర్సును పూర్తిచేయాలి.

ఆహార నియమాలు: రోజుకు 5 గ్రాములకు మించని ఉప్పు, తాజా కూరగాయలు, జామ, ఉసిరి వంటి పండ్లు మేలు. విటమిన్ సి జీర్ణాశయంలో నైట్రోసమైన్లు ఏర్పడడాన్ని అడ్డుకుంటుంది.

తొలిదశ గుర్తింపు: కారణం లేకుండా బరువు తగ్గడం, కొద్దిగా తినగానే కడుపు నిండడం, ఆగని వాంతులు, నల్లని మలం, మింగడంలో కష్టం, రక్తహీనత కనిపిస్తే జాప్యం చేయకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. మాత్రతో మంట తగ్గడం క్యాన్సర్ లేదనడానికి నిదర్శనం కాదు. అది లక్షణాన్ని కప్పిపుచ్చవచ్చు. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకొకసారి జాతీయ స్థాయిలో పరీక్షలు జరుపుతున్నారు. వ్యాధి తక్కువగా ఉన్న మన ప్రాంతానికి, లక్షణాలూ ముప్పూ ఉన్నవారిని త్వరగా పంపే ఏర్పాటే అనువైనది.

6. ముగింపు

ఈ వ్యాధి నివారణ వైద్యుల బాధ్యత మాత్రమే కాదు. నీరు, ఉపాధి, ఆహారం, వ్యసనం అన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలోనూ జిల్లా కళాశాలలలోనూ సూక్ష్మజీవ, సామాజిక, ఆర్థిక శాస్త్ర విభాగాలు కలిసి బీడీ తాగే అలవాటు, ఉప్పు వినియోగం, ‘గ్యాస్’ మాత్రల స్వీయ వాడకంపై గ్రామస్థాయి అధ్యయనాలు చేపట్టవలసిన అవసరం ఉంది. అటువంటి అధ్యయనాలు తెలుగులో వెలువడితే అవి ఆశా కార్యకర్తకు, పాఠశాల ఉపాధ్యాయునికి అందుతాయి. రోగి చివరి దశలో హైదరాబాదుకు ప్రయాణం కట్టకముందే సొంత ఊరిలో పరీక్షకు వెళ్లేలా చేయగలిగినప్పుడే ఈ పరిజ్ఞానానికి సార్థకత.